వెలుగు చుక్కల లెక్క

చెరువు నిండినంత మాత్రమున పైరు పండదు. తూము తగినంత తెరువబడవలెను. కాలువ పూడిక లేక పారవలెను. మడి నీటిని అందుకొనుటకు సిద్ధముగ నుండవలెను. ఈ మూడింటిలో ఏది కొరవడినను, చెరువుగట్టున నిలిచి నీటిని చూచి సంతసించుటయే రైతునకు మిగులును. ఈ సంగతి పల్లెటూరి బాలునికి సైతము తెలిసినదే. కాని ఇదే సంగతి ఇంట కూర్చుకొన్న కంప్యూటరునకును వర్తించునని గ్రహింపక, చదువుకొన్నవారు కూడ వేలకొలది రూపాయలు వ్యర్థపరచుకొనుట కలదు.

సిద్ధముగ దొరకు కంప్యూటరును కొనుటకు బదులు, దాని అంగములను విడివిడిగ కొని తమకు వలసినట్లు కూర్చుకొనువారు నేడు పెక్కురు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మొదలుకొని ఢిల్లీలోని నెహ్రూ ప్లేసు వరకు ఇట్టి అంగములను విక్రయించు అంగళ్లు వరుసలు తీరి యున్నవి. ఇట్లు కూర్చుకొనుటలో లాభము లేకపోలేదు. తమ అవసరమునకు ఏది ముఖ్యమో దానికే ధనము వెచ్చింపవచ్చును. అయితే సిద్ధముగ కట్టిన యంత్రములో అంగముల పొందికను నిర్మాతయే చూచుకొనును. విడి అంగములతో కట్టిన యంత్రములో ఆ బాధ్యత కట్టుకొన్నవానిపై బడును. ఎక్కువ స్పష్టత గల మానిటరును దానికి తగిలించిననాడు ఈ బాధ్యత బరువు తెలిసివచ్చును.

ఒక ఉన్నత పాఠశాలలోని తెలుగు ఉపాధ్యాయుడు అట్టి మానిటరును కొనెననుకొనుడు. పాఠశాల పత్రికకు ప్రూఫులు దిద్దుట, ప్రశ్నపత్రములు తయారుచేయుట ఆయన పని. పాత తెరపై అక్షరములు మసకగ నుండుటచే కన్నులు అలసి, కొంత సొమ్ము కూడబెట్టి 27 అంగుళముల తెరను తెచ్చుకొనెను. దానిని తగిలించి చూడగ అక్షరములు అచ్చు పుస్తకములోవలె నిగనిగలాడుచున్నవి. కాని మౌసును కదిపినచో బాణపు గుర్తు సాఫీగ సాగక గంతులు వేయుచున్నది. పుటను పైకి జరిపినచో పంక్తులు కుదుపులతో కదలుచున్నవి. నలుగురిని అడుగగ నలుగురును నాలుగు మాటలు చెప్పిరి. మెమరీ చాలలేదని ఒకరు, గ్రాఫిక్స్ కార్డు బలహీనమని ఒకరు, మానిటరే మంచిది కాదని మరియొకరు. ఇంకను వేలు పోసి క్రొత్త కార్డు కొనవలసినదేనా అని ఆయన వ్యథ. నిజమునకు ఆయనకు ముందు కావలసినది డబ్బు కాదు, మూడు గుణకారములు.

అక్షరమునకు ఎన్ని చుక్కలు?

తెరపై కనబడు ప్రతి చిత్రమును సన్నని వెలుగు చుక్కల కూర్పు. వీటినే పిక్సెళ్లందురు. 1987లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో అడ్డముగ 640, నిలువుగ 480 చుక్కలుండెడివి. అనగా మొత్తము 3,07,200. నేడు 4కె అని వ్యవహరింపబడు మానిటరులో అడ్డముగ 3,840, నిలువుగ 2,160 చుక్కలుండును. మొత్తము 82,94,400. ఇది ఆనాటి సంఖ్యకు సరిగా 27 రెట్లు. నిన్న మొన్నటివరకు సర్వసాధారణముగ వాడబడిన 1,920, 1,080 చుక్కల తెరకు ఇది సరిగా నాలుగు రెట్లు.

ఇన్ని చుక్కలు ఎందులకని కొందరు ప్రశ్నింపవచ్చును. ఇంగ్లీషు అక్షరములకు తక్కువ చుక్కలతోనే పని జరుగవచ్చును గాని, తెలుగు లిపి సంగతి వేరు. తెలుగు అక్షరము గుండ్రనిది. దానికి పైన తలకట్టో, గుడియో ఉండును. క్రింద వత్తు చేరును. రాష్ట్రము అను మాటలో ష కారమును అంటిపెట్టుకొని ట, ర వత్తులు రెండుండును. ద, ధ లకు, డ, ఢ లకు, ప, ఫ లకు గల భేదము ఒక్క చిన్న గీత మాత్రమే. ఆ గీత తెరపై మాసిపోయినచో ధార కాస్త దారయై, నీటి ప్రవాహము భార్యగ మారును. ప్రూఫులు దిద్దువాని కంటికి ఇది చిన్న విషయము కాదు.

లెక్క వేసి చూచినచో ఈ భేదము తేటపడును. 24 అంగుళముల పాత తెరలో ఒక అంగుళమునకు సుమారు 92 చుక్కలుండును. 27 అంగుళముల 4కె తెరలో అంగుళమునకు సుమారు 163 ఉండును. పన్నెండు పాయింట్ల అక్షరము ఎత్తు అంగుళములో ఆరవ వంతు. పాత తెరలో ఆ అక్షరమునకు నిలువున 15 చుక్కలు మాత్రమే లభించును. క్రొత్త తెరలో 27 లభించును. అడ్డము, నిలువు కలిపి చూచినచో 225 గళ్ల స్థానమున 729 గళ్లు. ఒకే అక్షరమును మూడు రెట్లకు మించిన చుక్కలతో చిత్రించినట్లు. వత్తు వత్తుగా, గీత గీతగా కనబడుటకు కారణమిదే.

సెకనుకు ఎంత నీరు?

అయితే ఈ చుక్కలను ఒక్కసారి తెరపై పరచి ఊరకుండుటకు వీలులేదు. చలనము సాఫీగ కనబడవలెనన్నచో మొత్తము చిత్రమును సెకనుకు 60 పర్యాయములు తిరిగి పంపవలెను. దీనినే 60 హెర్ట్జ్ అందురు. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెల పాళ్లను తెలుపుటకు ఒక్కొక్క దానికి 8 చొప్పున 24 బిట్లు కావలెను. కనుక ఒక చిత్రమునకు 82,94,400 ను 24 చే గుణింపగ 19,90,65,600 బిట్లు. దానిని 60 చే గుణింపగ సెకనుకు 1,194 కోట్ల బిట్లకు పైమాట. ఆరవ తరగతి విద్యార్థి పలకపై చేయగల లెక్క యిది. కంప్యూటరు నుండి మానిటరునకు పోవు కేబులు ఈ ప్రవాహమును మోయగలదా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

దీనిపైన మరికొంత భారము కూడ కలదు. పూర్వపు గాజుబుడ్డి తెరలలో ఎలెక్ట్రాన్ కిరణము ఒక వరుసను ముగించి రెండవ వరుస మొదటికి తిరిగి వచ్చుటకు కొంత వ్యవధి కావలసియుండెడిది. ఆ తెరలు పోయినను ఆ వ్యవధి మాత్రము సంకేతములో మిగిలియున్నది. అచ్చు పుటకు నలువైపుల విడుచు మార్జినువంటిది ఇది. టెలివిజను ప్రమాణము ననుసరించి 4కె చిత్రమునకు ఈ మార్జినులతో కూడ అడ్డముగ 4,400, నిలువుగ 2,250 చుక్కల కాలము లెక్కకు వచ్చును. ఆ ప్రకారము 60 హెర్ట్జ్‌కు సెకనుకు 1,425 కోట్ల 60 లక్షల బిట్లు కావలెను.

ఇప్పుడు కాలువల సంగతి చూడవలెను. 2009లో ఏర్పడిన హెచ్.డి.ఎం.ఐ. 1.4 పద్ధతిలో సెకనుకు 1,020 కోట్ల బిట్లు పారునని చెప్పుదురు. కాని ఆ పద్ధతిలో ప్రతి 8 బిట్ల సమాచారమును పంపుటకు 10 బిట్లు వాడుదురు గనుక, చిత్రమునకు దక్కునది 816 కోట్లు మాత్రమే. 1,425 కోట్ల ప్రవాహము 816 కోట్ల కాలువలో పట్టదు. చిత్రముల సంఖ్యను సగము చేసి సెకనుకు 30 మాత్రమే పంపినచో 712 కోట్ల 80 లక్షలతో సరిపోవును. కంప్యూటరు చేయు పని ఇదే. కాలువ చిన్నదని తెలిసికొని, ఎవరికిని చెప్పక, తూమును సగము మూసివేయును. అక్షరములు నిగనిగలాడుచునే యుండును. చలనము మాత్రము కుంటును.

సగమైనచో ఏమి తేడా అనువారికి ఒక చిన్న లెక్క చాలును. బాణపు గుర్తు తెర ఒక అంచు నుండి రెండవ అంచునకు అర సెకనులో పోయినదనుకొనుడు. సెకనుకు 30 చిత్రములున్నచో ఆ ప్రయాణములో అది 15 చోట్ల మాత్రమే కనబడును. ఒక చోటికిని మరియొక చోటికిని నడుమ 256 చుక్కల దూరము, అనగా ఒకటిన్నర అంగుళమునకు పైగా ఎడము. 60 చిత్రములున్నచో ఆ ఎడము ముప్పాతిక అంగుళమునకు తగ్గును. ఉపాధ్యాయుడు చూచిన గంతులు ఇవియే. దోషము మెమరీది కాదు, మానిటరుది కాదు.

కాలువలు పెరిగిన కథ

తెర ముందు, కాలువ వెనుక అగుట ఈ విద్యలో క్రొత్త కాదు. 2001లో ఐ.బి.ఎం. సంస్థ టి220 అను మానిటరును వెలువరించెను. 22.2 అంగుళముల తెరపై 3,840, 2,400 చొప్పున 92,16,000 చుక్కలు. ఆ కాలమునకు అది అద్భుతమే. కాని ఆనాడు ప్రచారములో నున్న డి.వి.ఐ. కాలువ ఒక్కొక్కటి సెకనుకు 16 కోట్ల 50 లక్షల చుక్కలకు మించి మోయజాలదు. భాగించి చూచినచో ఒక్క కాలువతో సెకనుకు 18 చిత్రములైనను రావు. అందువలన ఆ తెరకు నాలుగు కాలువలను ఏర్పరచిరి. ఐనను ఆ తెర సెకనుకు 41 చిత్రములకు మించి చూపలేకపోయినది.

పండ్రెండేండ్ల తరువాత, 2013లో, 60 హెర్ట్జ్‌తో వచ్చిన తొలి 4కె మానిటర్లలో కొన్నింటిది మరియొక ఉపాయము. తెరను నిలువుగ రెండు సగములు చేసి, ఒక్కొక్క సగమును వేరొక మానిటరుగ కంప్యూటరునకు చూపెడివి. వాడువానికి కనబడునది ఒకటే తెర. కంప్యూటరు ఎరిగినవి రెండు. ఆ రెండు సగములును ఏకకాలమున మేల్కొనినచో సరి. ఒక సగము వెలిగి మరియొక సగము చీకటిగ నుండిన సందర్భములు ఆనాడు లేకపోలేదు.

క్రమముగ కాలువలు వెడల్పైనవి. 2013లో హెచ్.డి.ఎం.ఐ. 2.0 వచ్చెను. దానిలో చిత్రమునకు దక్కు ప్రవాహము సెకనుకు 1,440 కోట్ల బిట్లు. పైన చెప్పిన 1,425 కోట్ల 60 లక్షలకు అది చాలీచాలనట్లు సరిపోవును. డిస్‌ప్లేపోర్టు అను వేరొక జాతి కాలువ తన 1.2 రూపములో అంతకు ముందే 1,728 కోట్లు మోయుచుండెను. 2016లో వచ్చిన దాని 1.4 రూపము 2,592 కోట్లు మోయగలదు. 2017లో ప్రకటింపబడిన హెచ్.డి.ఎం.ఐ. 2.1 మొత్తము ప్రవాహము 4,800 కోట్లు. ఇంతటితో ఆశ తీరలేదు. ఆటలాడువారు సెకనుకు 144 చిత్రములు కోరిరి. 4కె తెరకు అట్లు పంపవలెనన్నచో మార్జినులు విడిచినను 2,866 కోట్ల బిట్లు కావలెను. డిస్‌ప్లేపోర్టు 1.4 లో అది పట్టదు గనుక, సామాన్యముగ కంటికి తేడా తెలియని విధమున చిత్రమును కుదించి పంపుదురు.

కుదించుటకు మరియొక మార్గము కూడ కలదు. అది చదువుకొనువారికి హానికరము. మనుష్యుని కన్ను వెలుగునీడల భేదమును పట్టినంత సూక్ష్మముగ రంగుల భేదమును పట్టదు. ఈ లక్షణమును ఆధారము చేసికొని, ప్రతి చుక్కకు వెలుగును వేరుగను, నాలుగేసి చుక్కలకు కలిపి రంగును ఒకటిగను పంపు పద్ధతి టెలివిజనులో కలదు. సినిమా బొమ్మకు దీనివలన లోపము తోచదు. కాని నల్లని నేలపై ఎర్రని అక్షరము వ్రాసినచో దాని అంచులు చెదరి, సిరా ఊరిన కాగితము వలె నుండును. టెలివిజనునే మానిటరుగ వాడు పాఠశాలలలో అక్షరములు ఒక్కొక్కప్పుడు అలికినట్లుండుటకు ఇది ఒక కారణము. అట్టి టెలివిజనులో కంప్యూటరు కొరకు ఉద్దేశించిన అమరికను ఎన్నుకొనవలెను.

తూము ఎక్కడ నున్నది?

విడి అంగములతో కట్టిన కంప్యూటరు వెనుక భాగమున మానిటరు కేబులునకు తగిన సాకెట్లు రెండు తావుల నుండవచ్చును. పైభాగమున నిలువుగ నున్న వరుస మదర్‌బోర్డునకు చెందినది. దాని క్రింద అడ్డముగ నున్నవి గ్రాఫిక్స్ కార్డునకు చెందినవి. చేతికి ముందుగ తగులునది పై సాకెట్టు. దానిలో కేబులును దూర్చినచో, వేలు పోసి కొన్న కార్డు ఊరక కూర్చుండును. ప్రాసెసరులో ఇమిడియున్న చిన్న చిత్రకారుడే పని అంతయు చేయును. కొన్ని ప్రాసెసర్లలో ఆ చిత్రకారుడే ఉండడు. అప్పుడు తెర నల్లగ నిలిచిపోవును. పైగా కొన్నియేండ్ల క్రిందటి అనేక మదర్‌బోర్డులలో హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు 1.4 రూపమునకు చెందినదే. అదే బోర్డుపై ప్రక్కనే నున్న డిస్‌ప్లేపోర్టు సాకెట్టు 60 హెర్ట్జ్‌ను సునాయాసముగ ఇచ్చును. రెండు సాకెట్ల నడుమ అంగుళము దూరమైన నుండదు. ఫలితములో రెట్టింపు భేదము.

కనుక మొదట కేబులును గ్రాఫిక్స్ కార్డు సాకెట్టునకు మార్చవలెను. వీలైనచో మానిటరుతో పాటు పెట్టెలో వచ్చిన కేబులునే వాడవలెను. పాత టెలివిజనునకు వాడిన పొడవైన కేబులు చూపునకు అట్లే యుండవచ్చును గాని, ప్రవాహము హెచ్చినకొలది రాగితీగ తక్కువ దూరమే దానిని చెదరక మోయగలదు. కేబులు చాలనిచో తెర నడుమ నడుమ ఒక్క క్షణము నల్లబడి మరల వెలుగును; లేదా మిణుగురుల వలె తెల్లని చుక్కలు మెరయును. వీటిని చూచి మానిటరు చెడినదని భయపడనక్కరలేదు. రెండు మీటర్ల మంచి కేబులు వెల కొన్ని వందల రూపాయలు.

తూము, కాలువ సరియైన పిమ్మట మడి సంగతి. ప్రతి మానిటరును కంప్యూటరునకు తగిలించిన క్షణమున తన పరిచయపత్రమును చదివి వినిపించును. తన పేరు, తన చుక్కల సంఖ్య, తాను ఓర్వగల వేగములు అన్నియు అందులో నుండును. 1994లో ఏర్పడిన ఈ పద్ధతిని ఇ.డి.ఐ.డి. అందురు. ఆ పత్రములో తొలి భాగము 128 బైట్లు మాత్రమే. కంప్యూటరు ఆ పత్రమును నమ్మియే చిత్రమును పంపును. ఇరువురి నడుమ నాసిరకపు మార్పిడి సాధనము నుంచినచో పత్రము తప్పుగ చేరవచ్చును. అప్పుడు కంప్యూటరు భయపడి తక్కువ స్పష్టతనే యిచ్చును. కొన్ని మానిటర్లు తమ శక్తిని తామే దాచుకొనును. వాటి మెనూలో డిస్‌ప్లేపోర్టు 1.2 నో, హెచ్.డి.ఎం.ఐ. 2.0 నో వాడుమని ఎన్నుకొనువరకు అవి పాత పద్ధతిలోనే తమ పరిచయము చెప్పును.

చివరకు కంప్యూటరులోని అమరిక. అన్నియు సరియైనను, పాత అమరికయే నిలిచి యుండవచ్చును. విండోసులో డిస్‌ప్లే అమరికలలోనికి పోయి, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అను చోట సెకనుకు ఎన్ని పర్యాయములని చూపబడుచున్నదో చూడవలెను. 30 అని యున్నచో 60 ఎన్నుకొనవలెను. 60 అను సంఖ్యయే అచ్చట కనబడనిచో, తూములోనో కాలువలోనో ఇంకను ఇరుకు మిగిలియున్నదని అర్థము. వెనుకకు పోయి మరల వెదకవలెను.

రెండు పలకలు

కాలువ పారినను, నీరు సకాలమున రాకున్న పైరు వాడును. గ్రాఫిక్స్ కార్డు చిత్రమును గీయు పద్ధతి తెలిసినచో ఈ సంగతి బోధపడును. దాని వద్ద రెండు పలకలున్నట్లు ఊహింపవచ్చును. ఒక పలకను తెరకు చూపుచు, రెండవ పలకపై తరువాతి చిత్రమును గీయుచుండును. గీయుట ముగియగనే పలకలను మార్చును. తెర పలకను పైనుండి క్రిందికి చదువుచుండగ నడుమ మార్చినచో, పై సగములో పాత చిత్రము, క్రింది సగములో క్రొత్త చిత్రము కనబడి బొమ్మ చీలినట్లుండును. అట్లు కాకుండ, తెర చదువుట ముగియువరకు ఆగి మార్చుటను వి-సింక్ అందురు.

ఈ నియమమునకు ఒక మూల్యము కలదు. 60 హెర్ట్జ్ తెరలో ఒక చిత్రమునకు దొరకు వ్యవధి సెకనులో వేయింట 16.67 వంతులు. గీయుటకు 17 వంతులు పట్టినచో, ఆ చిత్రము ఆ బండిని అందుకొనలేక తరువాతి బండికై వేచియుండవలెను. లవలేశము ఆలస్యము సంపూర్ణ ఆలస్యమగును. ప్రతి చిత్రమునకు ఇట్లే జరిగినచో 60 చిత్రముల స్థానమున 30 మిగులును. 2013లో ఎన్‌విడియా సంస్థ జి-సింక్ పేరిటను, 2015లో ఎ.ఎం.డి. సంస్థ ఫ్రీసింక్ పేరిటను తెచ్చిన పద్ధతులలో ఈ చిక్కును తలక్రిందులు చేసిరి. చిత్రము తెర కొరకు వేచియుండుటకు బదులు, తెరయే చిత్రము కొరకు వేచియుండును.

ఆటలాడువారికి ఇది ముఖ్యము. వ్రాతపని చేయువారికి సామాన్యమైన కార్డే చాలును. 4కె చిత్రము ఒకదానిని భద్రపరచుటకు మెమరీలో సుమారు 33 మెగాబైట్లు పట్టును. పలకలు మూడైనను నూరు మెగాబైట్లు. వేలకొలది మెగాబైట్లుండు నేటి కార్డులకు ఇది లెక్కలోనిది కాదు. ప్రూఫులు దిద్దుటకు మిక్కిలి ఖరీదైన కార్డు కావలెనన్న మాటలో పస లేదు.

అక్షరము చిన్నదైనప్పుడు

క్రొత్త తెరను తగిలించినవారు చేయు తప్పు మరియొకటి కలదు. చుక్కలు దగ్గర దగ్గరగ నుండుటచే అక్షరములు చీమలవలె కనబడును. 27 అంగుళముల 4కె తెరలో అక్షరము దాని ఉద్దేశింపబడిన పరిమాణములో అయిదింట మూడు వంతులకు తగ్గును. అప్పుడు కొందరు స్పష్టతను తగ్గించి 1,920, 1,080 గ అమర్చుకొందురు. అక్షరము పెద్దదగును, నిజమే. కాని నాలుగు చుక్కలు కలిసి ఒక్క చుక్కగ పనిచేయును. అనగా కొన్న చుక్కలలో ముప్పాతిక భాగము గంగలో కలిసినట్లే. ద, ధ ల భేదము మరల మసకబారును.

సరియైన మార్గము వేరు. స్పష్టతను తగ్గింపక, స్కేలు అను అమరికను 150 శాతమునకో 175 శాతమునకో పెంచవలెను. అప్పుడు అక్షరము పెద్దదగును. దానిని చిత్రించుటకు చుక్కలును పెరుగును. అయితే పాత ప్రోగ్రాములు ఈ పద్ధతిని ఎరుగవు. 2001లో వెలువడిన పేజీమేకరు 7.0 ను తెలుగు అచ్చుపనిలో చాలకాలము వాడిరి. అట్టి ప్రోగ్రామును క్రొత్త తెరపై తెరచినచో, విండోసు దాని చిత్రమును సాగదీసి చూపుటచే అక్షరములు పొగమంచులో నున్నట్లుండును. ఆ ప్రోగ్రాము గుణములలో కంపాటిబిలిటీ అను శీర్షిక క్రింద ఈ సాగదీతను మార్చుకొను అమరిక కలదు. దానితో కొంత మేలు కలుగును. లినక్సు వాడువారు పాత మానిటరును, క్రొత్త మానిటరును ప్రక్కప్రక్కన ఉంచుకొన్నచో, ఒక్కొక్క తెరకు వేరువేరు స్కేలును ఇచ్చుటకు పాత ఎక్స్ పద్ధతి కంటె వేలాండ్ పద్ధతి అనుకూలమైనది.

లెక్క నేర్పునది

మరల ఉపాధ్యాయుని కడకు వచ్చినచో, ఆయన చేయవలసినది స్పష్టము. కేబులును మదర్‌బోర్డు నుండి తీసి గ్రాఫిక్స్ కార్డునకు తగిలించవలెను. పాత కేబులును ప్రక్కనబెట్టి పెట్టెలో వచ్చినదానిని వాడవలెను. మానిటరు మెనూను ఒకసారి చూడవలెను. అమరికలలో 30 ని 60 గ మార్చవలెను. స్కేలును పెంచవలెను. వీటిలో మొదటి నాలుగును గంతులను మాన్పును, అయిదవది కన్నులకు విశ్రాంతి నిచ్చును. క్రొత్త కార్డు ఆలోచన ఇవన్నియు ముగిసిన తరువాతి మాట. పలువురి విషయమున ఆ అవసరమే రాదు.

కొనకముందే ఈ లెక్క వేసికొన్నవాడు మరింత ధన్యుడు. కావలసిన చుక్కలెన్ని, సెకనుకు చిత్రములెన్ని, చుక్కకు బిట్లెన్ని అను మూడింటిని గుణించి, ఆ ఫలమును తూముతోను, కాలువతోను, మడితోను సరిపోల్చవలెను. మూడింటిలో ఏది తక్కువయో ఫలితము దానిని బట్టియే యుండును. మిగిలిన రెండింటిపై ఎంత వెచ్చించినను పైరు అంతే.

పాఠశాలలలో పెద్ద సంఖ్యల గుణకారమును నేర్పునప్పుడు, ఇన్ని కోట్లను ఇన్ని లక్షలచే ఎందులకు గుణింపవలెనని విద్యార్థులు అడుగుట కద్దు. తరగతిలోని తెరనే ఉదాహరణముగ జూపి, సెకనుకు ఎన్ని బిట్లు పారుచున్నవో వారిచేత లెక్క వేయించినచో ఆ ప్రశ్నకు సమాధానము దొరకును. కేబులు మీది అంకెతో దానిని పోల్చుమన్నచో, ఏది కొనవలెనో, ఏది కొననక్కరలేదో విద్యార్థియే చెప్పగలడు. ధకారము క్రింది గీతను స్పష్టముగ చూపుటకు కావలసినవి చుక్కలు. ఆ చుక్కలను సకాలమున తెరకు చేర్చుటకు కావలసినది లెక్క.